హైస్కూల్లో ఇంగ్లిష్ రాత నేర్పడం: టీచర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను తెలంగాణలో ఒక జడ్పీ హైస్కూల్లో ఇంగ్లిష్ చెప్తున్నాను. చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే కాంప్లెక్స్ మీటింగుల్లో, పదో తరగతి పేపర్లు దిద్దే స్పాట్ వాల్యుయేషన్‌లో టీ దగ్గర, వాట్సాప్‌లో, ముఖ్యంగా డీఎస్సీలో కొత్తగా వచ్చినవాళ్ల నుంచి ఇవే ప్రశ్నలు తిరిగి తిరిగి వస్తుంటాయి. ఒక్కొక్కరికీ విడిగా చెప్పీ చెప్పీ విసుగొచ్చి ఒకచోట రాసి పెడుతున్నాను. ఎక్కువగా ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల సంగతే. మీ బడి పరిస్థితి వేరైతే ఆ మేరకు మార్చుకోండి.

రోజూ రాయిస్తూనే ఉన్నాం కదా, ఇంకా కొత్తగా నేర్పేదేముంది?

మీ క్లాసులో ఏదో ఒక నోట్‌బుక్ తీసి చూడండి. ప్రశ్నలు జవాబులు, కొత్త మాటలు వాటి అర్థాలు, ఖాళీలు పూరించడాలు, ఒక లీవ్ లెటర్. అందులో ఆ పిల్ల సొంతంగా కట్టిన వాక్యాలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. నేను ఒకసారి లెక్కపెట్టాను. తొమ్మిదో తరగతి, దసరా సెలవుల ముందు, క్లాసులో మంచి మార్కులొచ్చే అమ్మాయి నోట్సు. మొత్తం మీద పదకొండు వాక్యాలు తేలాయి, వాటిలోనూ సగం 'మై నేమ్ ఈజ్' బాపతువే. మిగతాదంతా నేను బోర్డు మీద రాసింది, లేదంటే గైడులోది. నోట్సు మాత్రం చూడముచ్చటగా ఉంది, మార్జిన్లు గీసి, హెడ్డింగులు వేరే రంగుతో రాసి, నా సంతకాలు కూడా పేజీకొకటి ఉన్నాయి. అంటే ఆ పదకొండు వాక్యాలకు నేను కూడా సాక్షినే.

మనవాళ్లు నోట్స్ 'ఎక్కించుకోవడం' అంటారు చూడండి, సరిగ్గా అదే జరుగుతోంది. ఎక్కించుకునేటప్పుడు తర్వాతి మాట ఏమిటో పిల్లాడు తేల్చుకోనక్కర్లేదు, బోర్డు మీద ఉంటుంది. రాసేటప్పుడు ప్రతి మాటా వాడే తేల్చుకోవాలి. ఆ తేల్చుకునే పని క్లాసులో చేయించకుండా పరీక్షలో చేయమంటే తెల్లమొహం వేయక ఏం చేస్తాడు?

ట్రైనింగులో ప్రోడక్ట్, ప్రాసెస్, జానర్, డిస్కోర్స్ అని ఏవేవో చెప్పారు. తేడా ఏంటి?

ఒకే పని తీసుకుని చూస్తే సులువుగా అర్థమవుతుంది. బడిలో ఆటల పోటీలు జరిగాయి, దాని మీద రిపోర్టు రాయాలి అనుకుందాం.

ప్రోడక్ట్ పద్ధతిలో ఒక మంచి రిపోర్టు ముందు పెడతారు, అందులోని మాటలు గుర్తుపెట్టుకోమంటారు, పేర్లు తేదీలు మార్చి అలాంటిదే రాయమంటారు. మనందరం చదువుకున్నది ఇలాగే. ప్రాసెస్ పద్ధతి 1970ల మొదట్లో అమెరికాలో ఊపందుకుంది. రాసేవాళ్లు నిజంగా ఎలా రాస్తారో చూసి, క్లాసులోనూ అలాగే జరగాలన్నారు: ముందు మాట్లాడుకోవడం, చిత్తు రాసుకోవడం, పక్కవాడికి చదివి వినిపించడం, తిరగరాయడం, అన్నిటికన్నా చివర స్పెల్లింగూ గ్రామరూ చూసుకోవడం. ఇక జానర్ (అంటే ఉత్తరం, రిపోర్టు లాంటి రాత రకం) పద్ధతి 1980లలో ఆస్ట్రేలియాలోని సిడ్నీలో పుట్టింది. అక్కడి పేద పిల్లల బడుల్లో పనిచేసినవాళ్లు ఒక మంచి మాట అన్నారు. ఇంట్లో రిపోర్టులూ వ్యాసాలూ కళ్లబడే పిల్లలకు 'నీ మనసులో ఉన్నది రాయి' అంటే సరిపోతుందేమో గానీ, అవి ఎప్పుడూ చూడని పిల్లలకు ఆ రాతను విప్పి చూపించాల్సిందే. అందుకే ముందు ఒక నమూనాను ముక్కలు చేసి చూస్తారు, తర్వాత టీచరూ పిల్లలూ కలిసి బోర్డు మీద ఒకటి రాస్తారు, ఆ తర్వాతే ఎవరిది వాళ్లు.

మన దగ్గర డిస్కోర్స్ అనే మాట 2005 జాతీయ విద్యా ప్రణాళికా చట్రం, దాని తర్వాత 2011లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ తెచ్చుకున్న రాష్ట్ర చట్రం వెంట వచ్చింది. విడి వాక్యాలు కాకుండా డైరీ, సంభాషణ, ఉత్తరం, వర్ణన, కథనం, వార్త, ప్రసంగం, పోస్టరు ఇలా పూర్తి రూపాలు రాయించమన్నారు. ఒంటరిగా రాయడం, గ్రూపులో కలిపి రాయడం, చదివి వినిపించడం, టీచర్ సొంతగా రాసింది చూపించడం, అందరూ కలిసి దిద్దుకోవడం అని మెట్లు కూడా పెట్టారు. కాగితం మీద చాలా మంచి పద్ధతి, ఇప్పటికీ నేను దాన్ని సమర్థిస్తాను. కానీ రెండేళ్లు తిరక్కముందే డైరీ ఎంట్రీలు కూడా గైడుల్లోకి వచ్చేశాయి. వేరేవాళ్ల డైరీని బట్టీ పట్టే పిల్లలు ప్రపంచంలో మన దగ్గర తప్ప ఇంకెక్కడా ఉండరేమో!

నా మట్టుకు నేను ఒక్కదానికే కట్టుబడను. ఉత్తరం, నోటీసు, రిపోర్టు లాంటి కట్టుదిట్టమైన రూపాలకు సిడ్నీ వాళ్ల దారి, సొంత అనుభవం రాసేటప్పుడు ప్రాసెస్ దారి.

45 నిమిషాల పీరియడ్, 50 మంది పిల్లలు, పైగా సిలబస్. ఎప్పుడు చేయించాలి ఇదంతా?

వారానికి ఒక్క పీరియడ్ తీసిపెట్టండి. నాది గురువారం. ఆ పీరియడ్‌లో పాఠం జోలికి పోను, హెడ్‌మాస్టర్‌కు ముందే చెప్పేశాను. పది నిమిషాలు మాటలు, ఇరవై నిమిషాలు అందరూ రాయడం, మిగిలిన టైములో ఇద్దరు ముగ్గురు చదివి వినిపించడం. తర్వాతి గురువారం కొత్త టాపిక్ ఇవ్వను, అదే రాతను మళ్లీ బయటికి తీయిస్తాను. తిరగరాయించడం లేకపోతే మొదటి వారం చేసింది సగం వృథా అని నా అనుభవం. ఇలా రెండు వారాలకొకటి చొప్పున, సెలవులూ పరీక్షలూ పోను, ఏడాదికి పన్నెండు రాతలు వస్తాయి. పన్నెండే, కానీ ప్రతిదీ వాళ్లదే.

సిలబస్ టైము ఎక్కడి నుంచి వస్తుందంటే, పాఠం చివరి ప్రశ్నలకు జవాబులు డిక్టేట్ చేయడం మానేశాను. చెప్పి చూపిస్తాను, రాసుకునేది వాళ్ల పని. వారానికి దగ్గర దగ్గర ఒక పీరియడ్ అక్కడే మిగిలింది.

సార్, మాకే ఇంగ్లిష్ రాయాలంటే భయం. మేమేం నేర్పుతాం?

దీన్ని గట్టిగా అడిగేవాళ్లు తక్కువ, లోపల అనుకునేవాళ్లు ఎక్కువ. నేనూ తెలుగు మీడియంలో చదివినవాణ్నే. బీఈడీ అయ్యేదాకా ఇంగ్లిష్‌లో నేను సొంతంగా రాసింది ఏదైనా ఉందంటే అది ఉద్యోగ దరఖాస్తు, అదీ ఎవరిదో చూసి.

నా సలహా ఏంటంటే, పిల్లలు రాసే ఇరవై నిమిషాలూ మీరు కూడా బోర్డు మీద అదే టాపిక్ రాయండి. ముందే తయారు చేసుకుని రావద్దు. అక్కడే ఆలోచించండి, కొట్టేయండి, 'ఈ మాట బాగాలేదు, ఇంకేం రాయొచ్చు' అని పైకి అడగండి. స్పెల్లింగ్ డౌటొస్తే ఫోనో డిక్షనరీయో చూడండి. మొదటిసారి నేను ఇలా చేసినప్పుడు ఒక వాక్యం మూడుసార్లు కొట్టేశాను. వెనక బెంచీ నుంచి ఒకడు 'సారు కూడా కొట్టేస్తున్నడు రా' అన్నాడు. కొట్టేయడం తెలివితక్కువతనం కాదని, రాసేవాళ్లంతా చేసే పనేనని ఆ పిల్లలకు అంతవరకూ ఎవరూ చెప్పలేదు, వాళ్లు చూసిందల్లా అచ్చులో ఉన్న పుస్తకాలే కదా. ఆ తర్వాత చిత్తు పేజీల్లో కొట్టివేతలు పెరిగాయి, నాకు అది సంతోషమే అనిపించింది.

ఒక్క వాక్యం కూడా రాయలేని పిల్లలు సగం మంది ఉన్నారు. వాళ్లను ఏం చేయాలి?

ముందు వాళ్లను 'డల్' అనడం మానేద్దాం, స్టాఫ్ రూములో కూడా.

అక్షరాలే రానివాళ్ల సంగతి వేరు, వాళ్లకు విడిగా చదవడం నేర్పాలి, రాత తర్వాత. అక్షరాలు వచ్చి వాక్యం రానివాళ్లకు నేను రెండు పనులు చేయిస్తాను. ఒకటి, వాక్యం పెంచడం. బోర్డు మీద 'ద డాగ్ బార్క్‌డ్' అని రాసి, ఎప్పుడు, ఎక్కడ, ఎవరిని చూసి, ఎందుకు అని అడుగుతూ పోతాను. నాలుగు నిమిషాల్లో అది 'లాస్ట్ నైట్ అవర్ డాగ్ బార్క్‌డ్ ఎట్ ద పోస్ట్‌మ్యాన్' అయి కూర్చుంటుంది. రాత్రిపూట పోస్ట్‌మ్యాన్ ఎందుకొచ్చాడని ఇంకొకడు అడుగుతాడు, కథ అక్కడే మొదలవుతుంది.

రెండోది వాక్యాలు కలపడం. మూడు చిన్న వాక్యాలిచ్చి ఒకటి చేయమనడం. ఇది మన పిల్లలకు బాగా పనికొస్తుంది, ఎందుకంటే తెలుగులో 'ఇంటికి వచ్చి, అన్నం తిని, బర్రెలను తోలుకుని పొలం పోయిన' అని ఒకే ఊపులో అనేస్తాం. వచ్చి, తిని, తోలుకుని అని క్రియను వంచితే చాలు, వాక్యం సాగిపోతుంది. ఇంగ్లిష్‌లో అలా కుదరదు కాబట్టి పిల్లలు ఒక్కో ముక్కకూ ఫుల్‌స్టాప్ పెట్టేస్తారు, లేదా ఆరు 'అండ్'లతో పేజీ నింపేస్తారు. 'ఆఫ్టర్', 'వెన్', 'హూ' వాడి కలపడం చూపిస్తే రెండు నెలల్లో తేడా కనిపిస్తుంది.

గ్రామర్ వచ్చాక రాయించాలా, రాయిస్తూ గ్రామర్ చెప్పాలా?

రాయిస్తూనే. గ్రామర్ అంతా వచ్చాక రాయిద్దామంటే పదో తరగతి అయిపోతుంది, పిల్లాడు వెళ్లిపోతాడు.

అమెరికాలో 2007లో గ్రాహం, పెరిన్ అనే ఇద్దరు పరిశోధకులు 4 నుంచి 12 తరగతుల పిల్లల రాత మీద జరిగిన ప్రయోగాలన్నీ కలిపి లెక్కలు తీశారు. ప్లాన్ చేసుకోవడం, తిరగరాసుకోవడం ఎలాగో దశలవారీగా నేర్పిన చోట ఫలితం బాగా ఎక్కువ, ఎంత తేడా వచ్చిందో చూపే ఎఫెక్ట్ సైజ్ అనే కొలతలో (సున్నా అంటే తేడా లేనట్టు) 0.82 దాకా వచ్చింది. పైన చెప్పిన వాక్యాలు కలపడం కూడా పనిచేసింది, 0.50. గ్రామర్‌ను రాతతో సంబంధం లేకుండా విడిగా చెప్పిన చోట మాత్రం ఫలితం సున్నా కంటే కిందికి పోయింది. అక్కడి పిల్లల్లో చాలామందికి ఇంగ్లిష్ ఇంటి భాష కాబట్టి ఆ లెక్కను మనకు ఉన్నది ఉన్నట్టు అంటగట్టడం సరికాదు, మన పిల్లలకు గ్రామర్ కొంత విప్పి చెప్పాల్సిందే. అయితే మన దగ్గరా ఒక ప్రయత్నం జరిగింది. 1979 నుంచి 1984 దాకా ఎన్.ఎస్. ప్రభు అనే ఇంగ్లిష్ బోధన నిపుణుడు బెంగళూరు, మద్రాసు వైపు మామూలు బడుల్లో గ్రామర్ పాఠాలు పక్కన పెట్టి, రైల్వే టైంటేబుల్ చూసి లెక్క తేల్చడం లాంటి పనులు ఇచ్చి ఇంగ్లిష్ నేర్పించారు. ధ్యాస అర్థం మీద ఉంటే భాష దాని వెనకే వస్తుందన్నది ఆయన నమ్మకం. ప్రపంచమంతా టాస్క్ పద్ధతి అని చెప్పుకునేదానికి ఇది తొలి అడుగుల్లో ఒకటి. మన ట్రైనింగుల్లో మాత్రం ఆయన పేరు వినబడేది తక్కువ.

పిల్లల్ని ముందు తెలుగులో చెప్పనివ్వచ్చా? ఇంగ్లిష్ మీడియం కదా ఇప్పుడు.

చెప్పనివ్వండి. తెలంగాణలో 2022-23 నుంచి సర్కారు బడుల్లో ఇంగ్లిష్ మీడియం మొదలైనప్పుడు ఇచ్చిన పుస్తకాల్లోనే ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్ ఉన్నాయి. ఆంధ్రలో అలాంటివి అంతకుముందే వచ్చాయి. పుస్తకానికి లేని పట్టింపు మనకెందుకు?

ఎనిమిదో తరగతిలో ఒక పిల్లాడు ఏ టాపిక్ ఇచ్చినా రెండు లైన్లు దాటేవాడు కాదు. ఒకరోజు పొద్దున్నే వచ్చి 'సార్, మా బర్రె రాత్రి ఈనింది, దూడ లేస్తలేకుండె' అన్నాడు. ఆ గురువారం అదే రాయమన్నాను. వాడు రాసింది ఇది: 'యెస్టర్డే నైట్ మై బఫెలో గివ్ బేబీ. బేబీ నాట్ స్టాండ్. మై గ్రాండ్‌మదర్ రబ్ విత్ గడ్డి. దెన్ స్టాండ్.'

గడ్డి అన్న మాట తెలుగు అక్షరాల్లోనే రాశాడు. దిద్దాలంటే ఆ నాలుగు ముక్కల్లో ప్రతి ముక్కా దిద్దొచ్చు. కానీ చూడండి, ఎవరి గైడులోనూ లేని నాలుగు సంగతులు అందులో ఉన్నాయి, వరసలో ఉన్నాయి, చివరికి దూడ లేచిందా లేదా అని మనకు ఆత్రం కూడా పుట్టింది. నేను పెన్ను తీయలేదు. 'ఎన్ని గంటలకు? కరెంటుందా? నువ్వెక్కడ నిల్చున్నావ్?' అని అడిగాను. కరెంటు లేదట, ఫోన్ లైట్ పట్టుకుని నిల్చున్నది వీడేనట. ఆ ముక్క రాయకుండా ఎలా వదిలేశావురా అంటే 'అది కూడా రాయాల్నా సార్' అన్నాడు. రెండో వారం అది తొమ్మిది వాక్యాలైంది. దూడకు 'కాఫ్' అనే మాట నేనిచ్చాను, క్రియలన్నీ జరిగిపోయిన కాలంలోకి వాడే మార్చుకున్నాడు, ఒక్క 'స్టాండెడ్' మిగిలింది.

తెలుగులో చెప్పనిస్తే ఒక చిక్కు కూడా ఉంది, దాచను. మొత్తం తెలుగులో రాసుకుని మాటకు మాట మారుస్తూ పోతే ఇంగ్లిష్ వంకర్లు పోతుంది. 'మా నాన్న రైతు' అన్నదాంట్లో మనకు క్రియ అక్కర్లేదు కాబట్టి 'మై ఫాదర్ ఫార్మర్' అని రాస్తారు. 'రోజూ వెళ్తున్నాను' అంటాం కాబట్టి 'డైలీ ఐ యామ్ గోయింగ్'. అందుకే తెలుగులో మాట్లాడుకోమంటాను గానీ తెలుగులో రాసుకోమనను. మాటల్లో సంగతి తేలాక, పేజీ మీద పడే మొదటి మాట ఇంగ్లిష్‌దే కావాలి, రాని మాట ఉంటే గడ్డి లాగా తెలుగులోనే వదిలేసి ముందుకు పోవాలి.

తప్పులన్నీ దిద్దాలా? దిద్దకపోతే ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినవాళ్లు అడుగుతారు.

ఈ గొడవ మన ఒక్కరిదే కాదు. 1996లో జాన్ ట్రస్కాట్ అనే ఆయన, రెండో భాష రాసేవాళ్ల గ్రామర్ తప్పులు దిద్దడం వల్ల ఉపయోగం లేదు, నష్టమే, మానేయండి అని ఏకంగా వ్యాసం రాశాడు. డానా ఫెరిస్ అనే ఆమె అంత తెగేసి చెప్పలేం, సరిగ్గా దిద్దితే ఉపయోగం ఉంటుందని జవాబిచ్చింది. వాదం చాలా ఏళ్లు నడిచింది. ఎవరు గెలిచారన్నది పక్కన పెడితే, పేజీ నిండా ఎర్ర ఇంకు చూసిన పిల్లాడు ఏం చేస్తాడో మనకు తెలుసు, మార్కు చూసుకుని నోట్సు మూసేస్తాడు.

నేను ఒక రాతలో ఒకే రకం తప్పు పట్టుకుంటాను, అదీ క్లాసుకు ముందే చెప్పి. ఈసారి కాలం, వచ్చేసారి బహువచనం. తప్పున్న లైను పక్కన మార్జిన్‌లో పెన్సిల్‌తో చుక్క పెడతాను, తప్పెక్కడో చెప్పను. వెతుక్కోవడం వాళ్ల పని. దగ్గర దగ్గర సగం వాళ్లే పట్టేస్తారు, అంటే అది తెలియక చేసిన తప్పు కాదు, చూసుకోక చేసింది. మిగిలిన సగమే నేను నేర్పాల్సింది. తప్పు కంటే ముందు ప్రతి పేజీ కింద ఒక ప్రశ్న రాస్తాను, టీచర్‌గా కాదు, చదివినవాడిగా. 'మీ నానమ్మ అప్పుడేమంది?' లాంటిది.

ఇన్‌స్పెక్షన్ సంగతంటారా, చిత్తు నోట్సు వేరు, ఫెయిర్ నోట్సు వేరు పెట్టించండి. ఫెయిర్‌లో సంతకాలుంటాయి. ఒకసారి ఒక అధికారి చిత్తు నోట్సు చూసి 'ఇన్ని తప్పులుంటే మీరు చూడలేదా' అని క్లాసు ముందే గట్టిగా అడిగారు. చుక్కల సంగతి చెప్పాను, పెద్దగా నమ్మినట్టు లేదు. పిల్లల ముందు ఆ మాట పడటం బాధే, కానీ మర్నాడు ఎర్ర పెన్ను తీయలేదు.

యాభై పేపర్లు ప్రతి వారం చదవడం సాధ్యమేనా?

కాదు. వారానికి పదిమందివి పూర్తిగా చదవండి, మిగతావి పైపైన. ఎవరి వంతు ఎప్పుడో పిల్లలకు చెప్పొద్దు.

ఏ టాపిక్ ఇవ్వాలి? 'ఎ విజిట్ టు ఎ జూ' ఇస్తే అందరూ ఒకటే రాస్తున్నారు.

జూకి వెళ్లినవాళ్లు క్లాసులో ఎంతమంది? వెళ్లని జూ గురించి రాయమంటే గైడు చూడక ఏం చేస్తారు. ఇంటి తాళంచెవి పోయిన రోజు, రేషన్ షాపు లైను, చేయి విరిగినప్పుడు కట్టు కట్టించుకోవడం, బస్సు ఆపకుండా పోయినప్పుడు, అమ్మ ఫోన్‌లో మాట్లాడే తీరు. చిన్నగా, కళ్లతో చూసినదిగా ఉండాలి. 'మదర్' అని ఇస్తే మదర్ ఈజ్ గాడ్ అని మొదలుపెడతారు, 'మదర్ ఆన్ ద ఫోన్' అని ఇస్తే నవ్వుకుంటూ రాస్తారు.

టాపిక్ కంటే పెద్ద ప్రశ్న ఇంకొకటుంది: ఎవరికి రాయాలి? దీని మీద ఒక పిల్ల నాకు పాఠం చెప్పింది. ఊరి బోరు చుట్టూ ఎప్పుడూ బురద. పంచాయతీకి ఉత్తరం రాయండి అని తొమ్మిదో తరగతికి ఇచ్చాను, నిజమైన సమస్య, నిజమైన ఉత్తరం అని నాకు నేనే మురిసిపోయాను. ఆ పిల్ల లేచి 'ఇంగ్లిష్‌ల రాస్తే పంచాయతీల ఎవరు చదువుతరు సార్?' అంది. నా దగ్గర జవాబు లేదు. ఆ ఉత్తరం తెలుగులోనే రాసి ఇచ్చాం.

తర్వాత ఆలోచిస్తే, మన ఊళ్లలో ఇంగ్లిష్ తప్ప వేరే దారి లేని పాఠకుడు ఎవరు? తెలుగు రానివాడు. తమిళనాడులో టీచర్‌గా ఉన్న నా స్నేహితురాలి క్లాసుతో ఉత్తరాలు మొదలుపెట్టాం, ఇరవై పేజీలు ఒకే కవర్లో పెట్టి పోస్టులో పంపడం. మావాళ్లలో ఒకమ్మాయి ఆదివారం సర్వపిండి తిన్నామని రాసింది. అటునుంచి జవాబులో 'వాట్ ఈజ్ సర్వపిండి?' అని వచ్చింది. ఇక చూడండి క్లాసు! బియ్యప్పిండి, పల్లీలు, నువ్వులు, పచ్చిమిర్చి అన్నీ ఇంగ్లిష్‌లో కావాలి. గిన్నెకు అద్ది మధ్యలో వేలితో చిల్లులు పెడతారు కదా, ఆ చిల్లులు ఎందుకో ఎవరికీ తెలియదు, ఇంటికెళ్లి అడిగొచ్చారు. నూనె లోపలికి దిగడానికట. 'ఇట్ ఈజ్ లైక్ ఎ రోటీ, బట్ వి మేక్ హోల్స్ ఫర్ ద ఆయిల్ టు గో ఇన్' అనే వాక్యం మీద పావుగంట వాదించుకున్నారు. వర్ణన అనే డిస్కోర్సును నేను ఎన్నో ఏళ్లుగా చెప్తున్నాను, అంత శ్రద్ధగా రాసింది మాత్రం అప్పుడే.

మీకు వేరే రాష్ట్రంలో స్నేహితులు లేకపోతే, కిందటి తరగతి పిల్లలు చదివేలా చిన్న కథలు రాయించండి. గోడ మీద అంటించినా పర్వాలేదు, సార్ ఒక్కడే కాకుండా ఇంకెవరో చదవాలి, అంతే.

గ్రూప్ వర్క్ అంటే గోల తప్ప ఏం లేదు. ఒకడు రాస్తాడు, నలుగురు ముచ్చట్లు.

అయిదుగురు వద్దు, ఇద్దరు చాలు. ఒకరు చదవాలి, రెండోవాళ్లు విని రెండే ప్రశ్నలు అడగాలి, 'బాగుంది' అనకూడదు. కొంత గోల ఉంటుంది, పక్క క్లాసు టీచర్‌కు ముందే చెప్పి ఉంచండి.

పదో తరగతిలో ఇవన్నీ కుదురుతాయా? బట్టీ పట్టిస్తే గ్యారంటీగా పాస్ అవుతారు కదా.

నిజాయితీగా చెప్పాలంటే, పాస్ వరకు బట్టీ పనిచేస్తుంది. 35 మార్కులకు గండంగా ఉన్న పిల్లాడికి ఫిబ్రవరిలో నేను కూడా ఉత్తరం ఫార్మాట్, నాలుగు ప్రారంభ వాక్యాలు బట్టీ పట్టిస్తాను, వాడి ఏడాది పోగొట్టే హక్కు నాకు లేదు. కానీ ఆ పని ఎనిమిదో తరగతి నుంచీ చేస్తుండటమే మన తప్పు. మూడేళ్లు బట్టీ పట్టినవాడికి ప్రశ్న కొంచెం మారితే చాలు, చేతులు ఆడవు. స్పాట్‌లో చూస్తుంటాం కదా, స్నేహితుడికి ఉత్తరం రాయమంటే ప్రిన్సిపాల్‌కు లీవ్ లెటర్ రాసినవాళ్లు కట్టకు ఇద్దరు ముగ్గురైనా తగులుతారు. ఒకే గైడు వ్యాసం వరసగా పదిహేను పేపర్లలో చదివాక, పదహారో పేపర్లో తప్పులతోనైనా సొంత మాట కనబడితే ప్రాణం లేచొస్తుంది, మార్కు కూడా చేతికి తెలియకుండానే పడుతుంది.

ఇంకో సంగతి. తెలంగాణలో ఏడాది మధ్యలో బడిలోనే జరిగే ఫార్మేటివ్ అసెస్‌మెంట్, అంటే ఒక్కో ఎఫ్‌ఏలోని 20 మార్కులను పుస్తకం చదివి స్పందించడం, రాత పనులు, ప్రాజెక్టు, స్లిప్ టెస్టు అని అయిదేసి చొప్పున పంచారు. పుస్తకం చదివి రాసేది, ప్రాజెక్టు, ఈ రెండూ సొంత రాతకు దొరికిన చోట్లే. వాటిని కూడా గూగుల్ నుంచి దింపుకున్న బొమ్మలతో నింపేసి మనమే పాడు చేసుకుంటున్నాం.

ఇప్పుడు ఫోన్‌లో చాట్‌జీపీటీని అడిగి రాసుకొస్తున్నారు. ఎలా పట్టుకోవాలి?

పట్టుకునే పని పెట్టుకోకండి, గైడుల్నే పట్టుకోలేకపోయాం. ఇంటికి ఇవ్వకుండా క్లాసులోనే రాయించండి, సమస్య చాలావరకు పోతుంది. ఇంట్లో రాసుకొచ్చినదైతే 'ఈ వాక్యం ఎందుకు రాశావ్' అని ఒక్క ప్రశ్న అడగండి. రాసినవాడు చెప్తాడు.

చదివిస్తే రాత దానంతటదే రాదా?

చదవకుండా మాత్రం రాదు. చదివినవాళ్లందరికీ వస్తుందనీ లేదు, సినిమాలు చూసినవాళ్లంతా తీయలేనట్టే. లైబ్రరీ బీరువా తాళం తీసి పెట్టండి ముందు, మా బడిలో ఆ తాళంచెవి ఎవరి దగ్గరుందో తెలుసుకోవడానికే ఒక టర్మ్ పట్టింది.

దస్తూరి బాగోలేని పిల్లల సంగతి?

చదవగలిగితే చాలు. కాపీరైటింగ్ పుస్తకాలు ఆరో తరగతితో ఆపేయండి. పేపర్ దిద్దేవాళ్లకు ముద్దగా కనబడకుండా మాటకూ మాటకూ మధ్య చిటికెన వేలంత ఖాళీ వదలమనండి, పేరాకో లైను వదలమనండి. నేను చెప్పిన దూడ పిల్లాడి దస్తూరి ఇప్పటికీ కోడి గెలికినట్టే ఉంటుంది, కానీ మార్జిన్‌లో చుక్క పెట్టకముందే 'స్టాండెడ్' కొట్టేసి 'స్టుడ్' అని పైన రాస్తున్నాడు.